వెల్లుల్లిం దిలపిష్టమున్: తెలగపిండా, నువ్వుల పొడా?

బ్రాడీపేట 4వ లైను: "వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ ... వడ్డింపగా". శ్రీనాథుడి చాటుపద్యంలోని ఈ పాదంలో మధ్య మాట నాలుక మీదే ఉంది, రావట్లేదు. అసలు సంగతి వేరు. ఒక ఆరోగ్య కరపత్రంలో ఈ పాదం వేసి "వెల్లుల్లి, నువ్వులు వైరస్‌లను తరిమే యాంటీఆక్సిడెంట్లని శ్రీనాథుడు ఆనాడే చెప్పాడు" అని రాయబోతున్నారు. తిలపిష్టం అంటే నువ్వుల పొడా, గానుగలో నూనె తీశాక మిగిలే చెక్క, అదే తెలగపిండా?

సత్యనారాయణపురం: "విశ్వస్త వడ్డింపగా". చెప్పడమేమిటండీ, మొత్తుకున్నాడు! కన్నడ దేశంలో తిండి పడక, అక్కడి రాజ్యలక్ష్మికి పెట్టుకున్న మొర అది. ఇక పిష్టమంటే పిండి. గానుగ ఊసు ఆ మాటలో లేదు. నువ్వుల పొడే.

తెనాలి: సమర్థిస్తున్నా. గానుగ చెక్కకు పిణ్యాకమనే మాట ఉండనే ఉంది. శ్రీనాథుడికి అది తెలీదంటారా?

మాచర్ల: తెలుసు, కానీ అక్కడ ఇమడదు. శార్దూల వృత్తం కదా, మగణం (మూడు గురువులు) అయ్యాక సగణం (రెండు లఘువులు, ఒక గురువు) కావాలి. "దిలపి" చక్కగా సరిపోయింది. పిణ్యాకం మొదట్లోనే రెండు గురువులు. మాట మారినా వస్తువు తెలగపిండే. వెల్లుల్లి దట్టించిన తెలగపిండి కూర, మన గుంటూరు వైపు బాలింతలకు పెట్టేదే.

సత్యనారాయణపురం: గణం కోసం వస్తువు మార్చేవాడా? కొండవీటి విద్యాధికారి మాస్టారూ ఆయన!

మంగళగిరి: కరపత్రానికి ఈ తేడా ముఖ్యమే. నువ్వుల్లోని సెసమిన్, సెసమొలిన్ అనే పదార్థాలు నూనెలో కరిగేవి, గానుగలో చాలా భాగం నూనెతోనే పోతాయి. చెక్కలో మిగిలేవి నీటిలో కరిగే సెసమినాల్ గ్లూకోసైడ్లు. పేగులోని బాక్టీరియా వాటి చక్కెరను విడదీశాకే పనిలోకి దిగుతాయి. గానుగ చెక్కలో నూనె ఇంకా మిగిలి ఉంటుంది కనుక నిలవుంటే ముక్కవాసన వస్తుంది. అప్పుడు యాంటీఆక్సిడెంట్ మాట దేవుడెరుగు, తినేదే ఆక్సీకరణం చెందిన నూనె. వెల్లుల్లిని చితక్కొట్టి పది నిమిషాలు వదిలి పొయ్యి మీద వేయాలి. చితికితేనే అలినేజ్ అనే ఎంజైమ్, వెల్లుల్లి ఘాటుకు మూలమైన అలిన్‌ను అలిసిన్‌గా మారుస్తుంది. పాయల్ని అలాగే మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ ముందే చస్తుంది. నిమ్మరసం పోసి నూరినా అంతే, పులుపుకు అది ఆగదు.

గవర్నర్‌పేట: "తరిమే" అన్న మాట కొట్టేయించండి. మన తెల్లకణాలు మింగిన సూక్ష్మజీవిని సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని పుట్టించే చంపుతాయి. ఆక్సీకరణం వాటి ఆయుధం. ఫ్లూ లాంటి వాటిలో అది అదుపు తప్పితే ఊపిరితిత్తుల కణజాలమే దెబ్బతింటుంది. ఆక్సీకరణాన్ని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ల పని అక్కడ, వైరస్‌ను వెంటపడి చంపడం కాదు. యాంటీఆక్సిడెంటే అయిన విటమిన్ సీ రోజూ 200 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నా మామూలు జనంలో జలుబులు తగ్గలేదు. జలుబు ఉండే రోజులు మాత్రం పెద్దల్లో సుమారు 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గాయి. జలుబు పట్టాక మొదలుపెడితే ఆ మాత్రం కూడా నమ్మకం లేదు. వెల్లుల్లి మీద చెప్పుకోదగ్గ పరీక్ష ఒక్కటే, 146 మందితో, 12 వారాలు. వెల్లుల్లి మందు తీసుకున్న గుంపులో 24 జలుబులు, ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపులో 65. ఆ ఒక్కదాని మీద కరపత్రమా?

బ్రాడీపేట 4వ లైను: సరే, "తరిమే" తీసేయిస్తా. తిలపిష్టం సంగతి?

తెనాలి: దానికన్నా విశ్వస్త తేల్చాలి. నమ్మకస్తురాలు వడ్డించిందని అర్థం రాసేవాళ్లున్నారు.

సత్యనారాయణపురం: అమరకోశం తీయండి, "విశ్వస్తా విధవే సమే", అంటే విశ్వస్తా, విధవా ఒకటే. చివరి దీర్ఘం తెలుగులో హ్రస్వమైంది, అంతే.

తెనాలి: ఆ మాట రాతప్రతి తీసిన లేఖకుడు ఇరికించినదైతే?

మాచర్ల: ఏ మాటైనా ఇరికించుకోండి, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన యతి స్థానం పదమూడో అక్షరం. వెల్లుల్లి "వె"కు అక్కడ "వి" లాంటిది పడాలి. విశ్వస్తను కదపలేరు. నన్నడిగితే కీలకం, 'తిన్నాను' అనే అర్థంలో వాడిన మెసవితిన్‌లో ఉంది. మెసవడం పశువుల మేత మాట. తెలగపిండి పశువులకు పెట్టేది కనుకే కవి ఒళ్లు మండి ఆ క్రియ వాడాడు.

సత్యనారాయణపురం: ప్రబంధాల్లో రాజులూ మెసవుతారండీ.

మాచర్ల: ఒక్క పద్యం చూపించండి, ఒప్పుకుంటా.