నెలకోసారి రైతుబజారు: ఆటిజం బడిలో అది చదువా, షికారా?

బోయినపల్లి నాన్న
మా అబ్బాయికి పదమూడేళ్ళు నిండాయి. ఆటిజం ఉన్న పిల్లల కోసమే నడిచే ఒక బడిలో నాలుగేళ్ళుగా చదువుతున్నాడు. అక్కడ ప్రతి నెలా ఒకే వరుసలో సాగుతుంది. మొదటి వారంలో ఒక్కొక్కరి విద్యా ప్రణాళికలో ఆ నెల లక్ష్యాలు రాస్తారు, మూడో శనివారం తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆ నెలలో పుట్టిన వాళ్ళందరికీ కలిపి ఒకే రోజున పుట్టినరోజు చేస్తారు, చివరి బుధవారం పిల్లలను రైతుబజారుకు తీసుకువెళతారు. నా అభ్యంతరమంతా ఆ చివరి బుధవారం మీదనే. దానికి ముందు రెండు రోజులు సన్నాహమనీ, మరునాడు అలసట తీరడానికనీ చెప్పి పాఠాలు పక్కన పెడుతున్నారు. అంటే నెలలో నాలుగు రోజులు పోతున్నాయి.

వచ్చే ఏడు వాడికి పద్నాలుగు నిండగానే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూలులో పదో తరగతికి చేర్పించాలని మా ఆశ. అక్కడ ఐదు సబ్జెక్టులు చాలు, గృహవిజ్ఞానం, చిత్రలేఖనం వంటివి ఎంచుకోవచ్చు, అన్నీ ఒకే విడతలో రాయనక్కరలేదు. అటువంటి దారి కళ్ళముందు ఉండగా నెలకు 18,000 రూపాయలు కట్టి కొత్తిమీర కొనడం నేర్పించుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. దీన్ని మూడు నెలలకొకసారి చేయమని బడివారిని అడుగుదామనుకుంటున్నాను. మీ పిల్లల బడుల్లో ఎలా ఉందో చెప్పగలరు.

మేఘమాల
మా వాడికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఆరడుగుల మనిషి. పదమూడేళ్ళప్పుడు మేమూ మీలాగే అనుకున్నాము. స్పీచ్ థెరపీ, ఎక్కాలు, మళ్ళీ స్పీచ్ థెరపీ, మళ్ళీ ఎక్కాలు. పదహారో ఎక్కం దాకా ఇప్పటికీ తడుముకోకుండా అప్పగిస్తాడు. కాని కిరాణా కొట్టుకు తీసుకువెళితే కొట్టాయన గల్లాపెట్టెలో చెయ్యి పెడతాడు. చిన్నప్పుడు పెడితే అందరూ నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు ఆ చెయ్యి నా చేతికి రెండింతలుంది, కొట్టాయన పోలీసులను పిలుస్తానంటున్నాడు. మా వారు పోయి మూడేళ్ళయింది, వాణ్ణి పట్టి ఆపే బలం నాకు లేదు. నన్నడిగితే నెలకొకసారి కూడా చాలదు, వారానికొకసారి తీసుకువెళ్ళమని ఆ బడి గేటు ముందు కూర్చుంటాను.

లెక్కల మాస్టారు
భావోద్వేగాలు పక్కన పెట్టి లెక్క చూద్దాము. నెలకు నాలుగు రోజులంటే పది నెలలకు నలభై రోజులు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. 220లో 40 అంటే నూటికి పద్దెనిమిది. అంత భాగం బజారుకు పోవడం ఏ విధంగా చూసినా ఎక్కువే.

కోదాడ కుర్రోడు
మా ఊళ్ళో ఇటువంటి బడే లేదు. నాలుగు రోజులు పోతున్నాయని బాధపడే భాగ్యం కూడా మాకు లేదు.

పలక టీచర్
నేను పదకొండేళ్ళుగా ప్రత్యేక ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. మీరు చెప్పే బడి మాది కాదు, కాని మా బడిలోనూ నెలకొకసారి ఈ పని చేస్తాము కాబట్టి ఆ "పోయే" నాలుగు రోజుల్లో ఏం జరుగుతుందో చెబుతాను.

సికింద్రాబాదులో 1984లో మొదలై ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అనే పేరుతో నడుస్తున్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసిన మదింపు పట్టికలో చదువు ఒక విభాగం మాత్రమే. వ్యక్తిగత, సామాజిక, వృత్తి విభాగాలు దాని పక్కనే ఉంటాయి. పిల్లవాడు ఒక పనిని తనంతట తాను చేశాడా, నోటిమాట సాయంతో చేశాడా, చెయ్యి పట్టుకుని చేయించవలసి వచ్చిందా అని విడివిడిగా రాస్తాము. నూటికి ఎనభై వస్తేనే పై స్థాయికి పంపుతాము. బజారులో కొనడం ఒకే పనిలా కనిపిస్తుంది గాని, వరుసలో నిలబడడం, సంచి పట్టడం, అరకిలో అని చెప్పడం లేదా బొమ్మ కార్డు చూపించడం, నోటు ఇవ్వడం, చిల్లర కోసం ఆగడం అన్నీ వేర్వేరు పనులు. పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది ఆ చివరిదే.

మా తరగతిలో ఒక పిల్లవాడు నోట్లను రంగును బట్టి గుర్తుపడతాడు. 2017లో వచ్చిన 200 నోటు పసుపు, 2019లో వచ్చిన 20 నోటు ఆకుపచ్చ కలిసిన పసుపు. తరగతిలో కొత్త నోట్లతో ఆరు వారాలపాటు ఒక్కసారి కూడా పొరబడలేదు. బజారులో మొదటిరోజు టమాటాలమ్మే ఆమెకు 20కి బదులు 200 ఇచ్చి కదిలిపోయాడు. ఆమె కొంగు ముడి విప్పుతూ "ఓ బాబూ, డబ్బులు తీసుకో" అని గట్టిగా పిలిచేసరికి రెండు చెవులూ మూసుకుని నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత పర్సు తెరిచి చూస్తే అందులోని 20 నోటు మట్టి పట్టి, నలిగి, తరగతిలో వాడు చూసిన నోటులా లేనేలేదు. మాసిన నోట్లతో నేర్పలేదనీ, ముక్కూమొహం తెలియనివారు వెనకనుంచి పిలిస్తే ఏం చేయాలో అసలే నేర్పలేదనీ మాకు ఆ నిమిషంలో తెలిసింది. మీరు అలసట తీరడానికి అన్న ఆ మరునాడు మేము చేసింది ఇదే: పాత నోట్లు పోగుచేసి, రంగు బదులు అంకె చూడడం మొదలుపెట్టించాము.

బోయినపల్లి నాన్న
టీచరుగారూ, మీ బడిలో అలా జరుగుతుండవచ్చు. మాకు మాత్రం బుధవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పన్నెండు ఫోటోలు వస్తాయి. అన్నిటిలోనూ పిల్లలు సంచులు పట్టుకుని కెమెరా వైపు తిప్పి నిలబెట్టబడి ఉంటారు. మా వాడు కెమెరా చూడడు, అందుకని ఎవరో గడ్డం పట్టుకుని తిప్పిన వేళ్ళు కూడా ఫోటోలో కనిపిస్తాయి. నేర్పుతున్నది ఇదేనా? పైగా ఆ ఫోటోలు బడి ఫేస్‌బుక్ పేజీలోకి వెళుతున్నాయి. చేర్చుకునే రోజున సంతకం పెట్టిన కాగితాల్లో అటువంటి అనుమతి ఎక్కడుందో నాకు తెలియదు.

మణికొండ
సూపర్ మార్కెట్టుకు తీసుకువెళ్ళవచ్చు కదా? ఏసీ ఉంటుంది, అరుపులుండవు.

పలక టీచర్
ఫోటోల విషయంలో నాన్నగారి మాటే న్యాయం. గడ్డం పట్టి తిప్పడం తప్పు, అనుమతి లేకుండా బయటపెట్టడం ఇంకా తప్పు. దాని మీద రాతపూర్వకంగా అడగండి.

సూపర్ మార్కెట్టు సంగతి: అక్కడ వస్తువు బల్ల మీద పెడితే యంత్రం చదువుతుంది, ఫోను చూపిస్తే డబ్బు వెళుతుంది, మనిషితో మాట్లాడే పని పెద్దగా ఉండదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు పెట్టినప్పుడు మా పిల్లలను ఎవరూ తలచుకుని ఉండరు గాని, ఆ ఏర్పాటు వాళ్ళకు బాగా కుదిరింది. ఆనాటి ధరలన్నీ బోర్డు మీద రాసి ఉంటాయి, కాబట్టి బేరమాడవలసిన పని ఉండదు. మాటకు మాట పెరిగే చోట చిక్కుకుపోయే పిల్లవాడికి అది ఎంత వెసులుబాటో ఆలోచించండి. బోర్డు మీద అంకె, చేతిలో నోటు, అంతే. అరుపులు ఉంటాయి, నిజమే. అందుకే పదకొండు దాటాక, జనం పలచబడ్డాక వెళతాము. ఇదివరకు సిటీ బస్సులో వెళ్ళేవాళ్ళము. 2023 డిసెంబరులో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్నాయి, ఆటోలు మాట్లాడుకుంటున్నాము.

లెక్కల మాస్టారు
నలభై రోజుల గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.

డాలస్ అమ్మమ్మ
నా మనవరాలికి ఇక్కడ పదిహేడేళ్ళు. అమెరికాలో 1975 నాటి చట్టమే ఈ పిల్లలందరికీ ప్రభుత్వ బడిలో చోటిచ్చింది. పదహారేళ్ళు వచ్చేసరికి బడి తర్వాత బతుకేమిటన్నది ప్రణాళికలో రాసి తీరాలి. మా అమ్మాయిని వారంలో రెండు రోజులు దుకాణానికి తీసుకువెళతారు, దాన్ని ఇక్కడ పాఠమనే అంటారు. అయితే అక్కడ మన టమాటాలమ్మే ఆమెలాగా వెనక్కి పిలిచి చిల్లర ఇచ్చేవారు ఉండరు, ఆ మాట కూడా చెప్పాలి.

లెక్కల మాస్టారు
అమెరికా పనిదినాల లెక్క వేరు. మన చర్చకు అది పనికిరాదు.

మేఘమాల
నాన్నగారూ, ఒక్కటి అడుగుతాను. పదో తరగతి రాస్తాడన్నారు. సంతోషం, రాయనివ్వండి. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని వాడు ఎక్కడికి వెళతాడు? వెళ్ళాలంటే వీధిలోకి రావాలి కదా?

బోయినపల్లి నాన్న
మేఘమాలగారూ, మీ అబ్బాయిని ఆ వయసులో మీరు బయటికి తీసుకువెళ్ళకపోవడం మీరు చేసిన పొరపాటు. దాని బరువు తెచ్చి నా నెత్తిన పెట్టకండి. మావాడు గల్లాపెట్టెలో చెయ్యి పెట్టేవాడు కాడు. నేనడిగింది చదువు సమయం గురించి. అడిగినదానికి జవాబు చెప్పలేనివారు ఊరుకుంటే మంచిది.

మేఘమాల
నా పొరపాటు అని మొదటి మాటలోనే ఒప్పుకున్నాను. అది ఒప్పుకోవడానికే ఇక్కడ రాస్తున్నాను, మీ దగ్గర కొత్తగా వినవలసిన అవసరం లేదు. కాని మీరడిగింది సమయం గురించి కాదు. కలిపి చేసే పుట్టినరోజుకు కూడా ఒక పూట పోతుంది, దాని మీద మీరు ఒక్క మాట అనలేదు. ఆ బుధవారం పార్కుకు తీసుకువెళతామని బడివారు అంటే మీకు అభ్యంతరం ఉంటుందా? నాలుగు గోడల మధ్యే బొమ్మ బజారు పెట్టి నాలుగు రోజులు ఆడిస్తే అభ్యంతరం ఉంటుందా? నిజం చెప్పండి.

కోదాడ కుర్రోడు
పెద్దవాళ్ళు మీరే ఇలా తిట్టుకుంటే ఎలాగండీ.

బోయినపల్లి నాన్న
నిన్న రాత్రి నుంచి దీనికి మూడుసార్లు జవాబు రాసి చెరిపేశాను.

ఆ రైతుబజారు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆషాఢంలో వెళ్ళిన బుధవారం మా వాడు పచ్చిమిర్చి ఘాటుకో, మైకు మోతకో తట్టుకోలేక అక్కడే పడుకుని తల నేలకు కొట్టుకున్నాడు. టీచర్లు వాడి తల కింద సంచి పెట్టి చుట్టూ నిలబడ్డారట. చూస్తున్నవారిలో మా అపార్టుమెంటులో కింది వాటా ఆవిడ ఉంది. మా వాడు మూగగా ఉంటాడు, సిగ్గరి అని మాత్రమే అక్కడ అందరికీ చెప్పుకున్నాము. సాయంత్రానికి ఐదు ఇళ్ళ వాళ్ళు వచ్చి పరామర్శించారు. మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. శ్రావణంలో వస్తామన్నవాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు. కారణం అదేనని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. మా ఇంటావిడ అప్పటినుంచి ప్రతి చివరి బుధవారం వాడికి జ్వరమని చెప్పి బడి మానిపిస్తోంది. నాలుగు రోజుల లెక్క నిజమే గాని, మేఘమాలగారు పట్టుకున్నది కూడా నిజమే. నిన్న అన్న మాటకు క్షమించండి.

మేఘమాల
క్షమాపణ అక్కరలేదు. కాని ఊరడించను కూడా. దాచి పెళ్ళి చేస్తే, పెళ్ళయ్యాక అల్లుడు ఇంటికి రాడా, వచ్చి వీణ్ణి చూడడా? మీరు పోయాక వీడి చెయ్యి పట్టుకోవలసింది ఆ అమ్మాయే కదా.

బోయినపల్లి నాన్న
అది తెలియకనా అమ్మా.

తమ్ముడికి అక్క
ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా తమ్ముడిదీ ఆటిజమే. నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. వాడి వల్లే అని ఇంట్లో గుసగుసలాడుకునేవారు. ఆ మాట వాడి ముందే అనేవారు, వాడికి అర్థం కాదనుకుని. అంత వెతుకులాటలోనూ, వాణ్ణి దాచాలా వద్దా అని నన్ను ఒక్కరూ అడగలేదు. మీ అమ్మాయిని అడిగారా?

మణికొండ
వేరే రైతుబజారుకు వెళితే ఈ గొడవే ఉండదు కదా.

పలక టీచర్
మణికొండగారూ, చోటు మారిస్తే బడికి ఇబ్బందేమీ లేదు, అడిగితే మారుస్తారు. అయితే వాడు పెద్దయ్యాక కూరగాయలు తెచ్చుకోవలసింది ఇంటి పక్క బజారులో. అక్కడివాళ్ళకు వీడు తెలిసి ఉండడమే వీడికి రక్షణ. మా పిల్లవాణ్ణి ఇప్పుడు ఆ టమాటాల ఆమె వెనకనుంచి పిలవదు, అరవదు, చిల్లర అరచేతిలో పెట్టి చూపిస్తుంది. ఆమెకు మేమేమీ నేర్పలేదు, నెలనెలా చూసి తెలుసుకుంది.

నాన్నగారూ, మైకు మోతకు చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఇచ్చి పంపండి. ముందురోజు ఆ బజారు ఫోటోలు వరుసగా చూపించండి. మొదటిసారి పది నిమిషాలు చాలు, ఒక్క వస్తువు కొని వచ్చేయవచ్చు. జ్వరమని మాత్రం చెప్పించకండి. ఆ నెల కాగితంలో టీచరు "అవకాశం కలగలేదు" అని రాస్తుంది, చూసేవారికి వాడు నేర్చుకోలేదని అనిపిస్తుంది.

బోయినపల్లి నాన్న
అమ్మాయిని నిన్న రాత్రి అడిగాను. "నన్నిప్పుడా అడిగేది" అని లోపలికి వెళ్ళిపోయింది. అరగంట తర్వాత వచ్చి, వాడి పర్సులో 20 నోట్లు ఒక అరలోకి, 200 నోట్లు ఇంకో అరలోకి సర్దడం వాడికి చూపిస్తూ కూర్చుంది. చివరి బుధవారానికి ఇంకా తొమ్మిది రోజులుంది. పంపాలా వద్దా అనేది మా ఇంటావిడ ఇంకా తేల్చలేదు. ఫోటోల మీద బడికి ఉత్తరం మాత్రం ఇచ్చాను.

లెక్కల మాస్టారు
ఆషాఢం నుంచి జ్వరమని మానిపిస్తున్నారంటే, మీ అబ్బాయి విషయంలో పోయిన రోజులు నలభై కావు. మీరు లెక్క మొదట సరిగా చెప్పి ఉండవలసింది.