జ్ఞాపకం సంస్కృతంలో జ్ఞాపకం కాదా?

తెనాలి ఆడపడుచు:
మా పాప స్కూల్లో రెండో భాష సంస్కృతం. మొన్న వ్యాసంలో జ్ఞాపకం అని రాస్తే టీచర్ కొట్టేసి పైన "స్మరణమ్" అని దిద్దారు. "అమ్మా, జ్ఞాపకం సంస్కృతం మాటే కదా, ఎందుకు తప్పు?" అని అడిగింది. నాకు చెప్పడం రాలేదు. రెండు రోజులుగా అదే ఆలోచన.

ఇంకో సంగతి కూడా. మా అమ్మమ్మ ఏదైనా మర్చిపోకూడదనుకుంటే కొంగు చివర ముడి వేసుకునేది. పాలబాకీకి ఒకటి, నానబెట్టాల్సిన మినప్పప్పుకి ఒకటి. ఏమిటని అడిగితే "గుర్తుకి వేశానే" అనేది. ఈ గుర్తు జ్ఞాపకమా, చిహ్నమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత పంతులు:
అమ్మా, టీచర్ దిద్దింది సబబే. అలాగని మన తెలుగు తప్పేమీ కాదు. "జ్ఞా" అంటే తెలియడం, "జ్ఞాపయతి" అంటే తెలియజేస్తాడు. కాబట్టి జ్ఞాపకం అంటే తెలియజేసేది. ఆజ్ఞాపించడం, విజ్ఞాపన పత్రం, అన్నీ ఆ ఇంటివే. వ్యాకరణంలో దీనికి ప్రత్యేకమైన వాడుక ఉంది. పాణిని సూత్రంలో అక్కర్లేదనిపించే మాట ఒకటి కనిపిస్తే, ఆయన పైకి చెప్పని నియమం ఏదో దాని వెనక ఉందని వ్యాఖ్యాతలు పట్టుకుంటారు. ఆ పట్టిచ్చే మాటే జ్ఞాపకం. ఆ సూత్రాల మీద చర్చించే పతంజలి మహాభాష్యంలో "జ్ఞాపయత్యాచార్యః", అంటే ఆచార్యుడు తెలియజేస్తున్నాడు, అని పదే పదే వస్తుంది. చదువుకునే రోజుల్లో ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది.

తెలుగులో ఆ తెలియజేసేది కాస్తా మరిచిపోయినదాన్ని మనసుకి తెలియజేసేది అయింది, తర్వాత ఆ తలపే అయింది. తమిళంలో ఞాపకం, కన్నడంలో జ్ఞాపక కూడా అంతే. పాత అర్థం మనకి పూర్తిగా పోలేదు. సన్మానసభలో చేతికిచ్చే జ్ఞాపిక ఉంది చూడండి, అది తలపు కాదు, తలపు తెప్పించే వస్తువు.

ఇక గుర్తు. పాత రూపం గుఱుతు, బండి ఱతో రాసేవారు. గురి, తమిళంలో కుఱి దీని చుట్టాలే. మొదటి అర్థం చిహ్నమే. ఓటేసేటప్పుడు చూసే గుర్తూ, గుర్తుకు రావడంలోని గుర్తూ ఒకటే. మీ అమ్మమ్మగారి ముడి రెండూనూ.

మానేరు ఒడ్డు:
అక్కా, మా దిక్కు జ్ఞాపకం అని ఎవరంటరు? యాది అంటం. "నువ్వు యాదికొచ్చినవ్", "యాది మరిచిన" అంటం. ఇది పారసీ "యాద్", ఉర్దూ మీదుగా మాకొచ్చింది. మరాఠీల యాదీ అంటే జాబితా. మర్చిపోవద్దని రాసుకునేదే కదా, మీ కొంగు ముడి లెక్కనే. పట్నంల చదువుకునేటప్పుడు నేను యాది అంటే నవ్వేటోళ్ళు, కొన్నేండ్లు ఆ మాట నోట్ల్నే ఆపుకున్న. ఇప్పుడు నా పిల్లలకు నేర్పుతున్న.

తెనాలి ఆడపడుచు:
మాస్టారూ, నమస్కారం. పాపకి జ్ఞాపిక ఉదాహరణే చెప్పాను, టక్కున అర్థమైంది. పోయినేడాది స్కూల్లో దానికి ఇచ్చింది బల్ల మీదే ఉంది మరి.

తమ్ముడూ, ఆ మాట నోట్లో ఆపుకోవాల్సి వచ్చిందంటే బాధేసింది. నువ్వు నేర్పుతున్నది మంచి పని.

రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. అమ్మకి ఒకటి తట్టింది. ఉతకడానికి చీర తీసుకోబోతే అమ్మమ్మ కొంగు పట్టుకుని "ఆగవే, దాన్లో జ్ఞాపకం ఉంది, విప్పకు" అనేదట. మా అమ్మమ్మ బడికి వెళ్ళలేదండీ.