తలదన్నడమూ మించడమూ ఒకటేనా?

సన్మానపత్రంలో ‘గురువును తలదన్నిన శిష్యుడు’ అని రాయవచ్చా అన్న ప్రశ్నకు, వ్యాకరణం అభ్యంతరం చెప్పదు గానీ మర్యాద చెబుతుందన్నది నా సమాధానం. నిఘంటువు రెండింటికీ ‘అతిశయించు’ అనే అర్థం ఇచ్చినా, ‘మించు’లో లేని కాలు ‘తలదన్ను’లో ఉంది.

‘తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు’ అన్న సామెతలో తల, తన్ను విడివిడి మాటలే; తల ఎవరిదో ‘వాడి’ అన్న మాట చెబుతోంది. ఆ రెండూ అతుక్కుని, తకారం దకారమై ‘తలదన్ను’ అయ్యాక వాక్యనిర్మాణమే మారింది. ఇప్పుడు మనం ‘రాజభవనం తల తన్నే ఇల్లు’ అనము, ‘రాజభవనాన్ని తలదన్నే ఇల్లు’ అంటాము. లోపల ఒక కర్మ ఉండగానే బయట ఇంకొక కర్మను ‘ను’ ప్రత్యయంతో తెచ్చుకుంటోందంటే, ఆ తల ఇక ఎవరి తలా కాదనీ, క్రియలో కరిగిపోయిందనీ అర్థం. అయితే పూర్తిగా కరగలేదేమో కూడా. ‘తలదన్నే’, ‘తలదన్నేలా’ అన్న రూపాలు ధారాళంగా వాడుతున్నా, ‘తమ్ముడు అన్నను తలదన్నాడు’ అని సమాపక క్రియగా ముగిస్తే, వినేవాడు నిజంగానే కాలెత్తాడేమోనని ఒక్క క్షణం తడబడతాడు.

‘మించు’ తీరు వేరు. తండ్రిని మించిన కొడుకు, శక్తికి మించిన పని, స్తోమతకు మించిన ఖర్చు, తలకు మించిన భారం అన్న ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎదుట పోటీదారు ఉన్నప్పుడు ‘ను’, కొలతో హద్దో ఉన్నప్పుడు ‘కు’ వస్తున్నట్టు కనిపిస్తుంది. ‘అన్నిటినీ మించి’, ‘అన్నిటికీ మించి’ అని రెండూ వినిపిస్తాయి కాబట్టి దీన్ని కచ్చితమైన సూత్రమని నేననను. కానీ ‘శక్తికి తలదన్నిన పని’ అని ఎవరూ అనరు. తలదన్నడానికి ఎదుట మనిషో వస్తువో నిలబడి ఉండాలి, కొలత ఉంటే చాలదు. అందువల్ల ఓడినవాడి చిన్నతనం కూడా ఆ మాటలో ధ్వనిస్తుంది. గురువు పక్కన కూర్చుని ఉండగా చదివే పత్రానికి ‘మించిన’ అన్నదే తగినది.

‘అధిగమించు’ అందామన్న సూచన నాకు నచ్చలేదు. అందులో ‘మించు’ దాగి ఉన్నట్టు చెవికి తోచినా, అది సంస్కృతంలోని ‘అధిగమ’కు ‘ఇంచు’ చేరిన రూపం. అక్కడ దాని అర్థం పొందడం, తెలుసుకోవడం. దాటిపోవడమనే అర్థం తెలుగు వాడుకలో స్థిరపడింది కనుక తప్పనడానికి వీల్లేదు గానీ, అడ్డంకులను అధిగమించడం, ముందున్న లారీని అధిగమించబోవడం విని విని, గురువును అధిగమించాడంటే ఆయన కూడా దారికి అడ్డంగా ఉన్నట్టు తోస్తుంది.

వార్తల్లో తరచు జరిగే పొరపాటు ఇంకొకటుంది. ‘సినిమాను తలపించే దోపిడీ’ అంటే సినిమాను గుర్తుకు తెచ్చేదని, ‘సినిమాను తలదన్నే దోపిడీ’ అంటే సినిమా కూడా దాని ముందు దిగదుడుపేనని అర్థం. మొదటిది ‘తలపు’ నుంచి వచ్చింది, దానికి ఈ తలతో సంబంధం లేదు. పోలిక చెప్పదలచినవారు ‘తలదన్నేలా’ అని రాస్తే, ఉద్దేశించని ఆధిక్యం చెప్పినట్టవుతుంది.