గండికోట ఆకాశంలో మచ్చలు

కడప నుండి ప్రశ్న: గండికోటలో పెన్నా లోయ అంచున, గాలి వీస్తుండగానే లెన్సు మార్చి తీసిన ఫొటోలన్నింటిలో ఆకాశంపై ఒకేచోట మచ్చలు కనిపిస్తున్నాయి. ఉపాయం చెప్పగలరు.

అనంతపురం నుండి జవాబు: లెన్సు మార్చినా మచ్చ స్థానం మారకపోతే ధూళి సెన్సరు (కెమెరా లోపల బొమ్మను నమోదు చేసే పలక) పైనున్న గాజు మీద చేరినట్లేనండి. బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి, మెనూలో సెన్సరు శుభ్రపరిచే అమరికను ఎంచుకొని, లెన్సు తీసిన కెమెరా నోరు నేలవైపు ఉండేలా పట్టుకొని, రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టి, ఆపై లెన్సు పెట్టి, ఎఫ్/16 (లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యే అమరిక) వద్ద తెల్లగోడను ఫొటో తీసి చూడండి. నోటితో మాత్రం ఊదవద్దు. తుంపర పడితే ధూళికన్నా మొండి మరక మిగులుతుంది.

కర్నూలు నుండి జవాబు: అప్పటికీ పోకపోతే సెన్సరు వెడల్పుకు సరిపోయే స్వాబుతో (తుడిచే మెత్తటి పుల్లతో), ఒక్కో అంచుతో ఒక్కసారే తుడవాలి. ఇకపై కారు అద్దాలు మూసుకొని, కెమెరా ఆపి లెన్సు మార్చండి.

కడప నుండి: బ్లోయరుతో రెండు మచ్చలు పోయాయి, మిగిలినదానికి స్వాబు తెప్పిస్తున్నాను.