ఆర్పీజీలు ఎదుగుతున్నాయా, తరిగిపోతున్నాయా?

పానగల్లు_పాతకాపు (నల్లగొండ), రాత్రి 9:12
మొన్న ఇక్కడే ఒకరు ఆర్పీజీల (మనమే ఒక పాత్రగా మారి కథలో తిరిగే వీడియో గేమ్‌ల) గురించి "ఆర్పీజీలకు ఇంత మంచి కాలం ఎప్పుడూ రాలేదు" అని రాశారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, దాని మీదే మాట్లాడండి.

2002లో వచ్చిన మారోవిండ్ అనే ఆర్పీజీలో మొదటి పని ఒక ప్యాకెట్ తీసుకుని బాల్మోరా ఊరికి పోయి కాయస్ కొసాడెస్ అనే మనిషికి ఇవ్వడం. ఆయన ఇల్లెక్కడో మ్యాప్ మీద గుర్తు ఉండదు. ఫలానా చోట అడుగు, చెప్తారు అంటారు. అడగాలి, విన్నవన్నీ రాసి ఉండే జర్నల్ (ఆటలోని డైరీ) చదవాలి, ఎటు తిరగాలో మనమే తేల్చుకోవాలి. ఆ ఆట చేసిన కంపెనీయే 2006లో తర్వాతి ఆట ఒబ్లివియన్‌కు వచ్చేసరికి ఎటు పోవాలో చూపే బాణం దిక్సూచి మీద పెట్టింది. 2011లో ఆ తర్వాతి ఆట స్కైరిమ్‌లో బలం, తెలివి లాంటి 8 గుణాలనూ ఎత్తేసి ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము అని మూడే మిగిల్చింది. మారోవిండ్‌లోని 27 నైపుణ్యాలు 18కి దిగాయి. మారోవిండ్‌లో కథకు ముఖ్యమైన మనిషిని చంపితే ఆట ఒక హెచ్చరిక చూపించి, నీ ఇష్టం అని వదిలేస్తుంది. స్కైరిమ్‌లో అలాంటివాళ్లు చావరు, మోకాలి మీద కూలబడి మళ్లీ లేస్తారు. తప్పు చేసే హక్కు కూడా పోయింది. దీన్ని ఎదుగుదల అని ఎలా అంటారు?

జడ్చర్ల_టర్న్‌బేస్డ్, రాత్రి 9:20
బాల్డర్స్ గేట్ 3 లాంటి ఆర్పీజీ వచ్చాక కూడా ఇదే మాటా అన్నా?

కొత్తకోట_కుర్రాడు (వనపర్తి), రాత్రి 9:47
అన్నా, మీ లెక్క 2011లోనే ఆగిపోయింది. తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా.

2012లో అబ్సిడియన్ అనే గేమ్ కంపెనీ వాళ్లు పాత పద్ధతి ఆర్పీజీ చేస్తామని కిక్‌స్టార్టర్‌లో (చందాలు పోగుచేసే వెబ్‌సైట్‌లో) జనాన్నే అడిగితే దాదాపు 40 లక్షల డాలర్లు వచ్చాయి. అదే పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ. పెద్ద కంపెనీలు వద్దనుకున్న ఆటకు ఆడేవాళ్లే పెట్టుబడి పెట్టారు. బెల్జియంలోని లారియన్ కంపెనీ కూడా ఒరిజినల్ సిన్ అనే ఆటకు అదే దారిలో పోయింది, అక్కడి నుంచి 2023లో బాల్డర్స్ గేట్ 3 దాకా వచ్చింది. అందులో ముఖ్యమైన మనుషుల్ని చంపొచ్చు, కథ మీ తప్పును మోసుకుంటూ ముందుకు పోతుంది. గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆట కూడా అదే.

2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో విడిగా యుద్ధమనేదే లేదు. మనం ఆడే పోలీసోడి బుర్రలోని 24 నైపుణ్యాలు అతనితోనే వాదన పెట్టుకుంటాయి. అలాంటి ఆట 2002లో ఉందా? ఇక 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో జర్నల్ లేదు, క్వెస్ట్ మార్కర్ (పని ఎక్కడో చూపే గుర్తు) లేదు. అయినా ఏడాదిలో రెండు కోట్ల కాపీలు అమ్ముడైంది. మీరు పోయిందంటున్నదే అక్కడ దొరికింది.

పానగల్లు_పాతకాపు, రాత్రి 10:05
ఎల్డెన్ రింగ్‌లో విశ్రాంతి తీసుకునే చోట్ల నుంచి బంగారు రంగు వెలుగు ఒక దిక్కుకు చూపిస్తుంది. అది బాణం కాక మరేంటి?

కొత్తకోట_కుర్రాడు, రాత్రి 10:09
అది దిక్కు చూపిస్తుంది, ఇల్లు చూపించదు. రెండూ ఒకటి కాదు.

పానగల్లు_పాతకాపు, రాత్రి 10:11
దిక్కు చూపించడమే మొదటి మెట్టు. ఒబ్లివియన్‌లో కూడా మొదలైంది దిక్సూచి మీదే.

వనపర్తి_వర్షం, రాత్రి 10:30
మీరిద్దరూ బాణం దగ్గరే కొట్టుకుంటున్నారు. నా కోపం వేరే చోట ఉంది. మా అక్క కొడుకు ఆడే ఒక ఫోన్ ఆట ఉంది, పేరెందుకుగానీ దాన్నీ ఆర్పీజీ అనే అంటారు. అందులో కొత్త క్యారెక్టర్ కావాలంటే డబ్బు కట్టి లాటరీ తీసినట్టు తీయాలి. వస్తే వచ్చింది, లేకపోతే మళ్లీ కట్టాలి. యాసంగి పెట్టుబడికని మా బావ ఖాతాలో ఉంచిన డబ్బు అందులో పోయింది. పిల్లాడు దొంగతనం చేశాననుకోలేదు, ఆడుతున్నాననుకున్నాడు. ఇంట్లో నెల రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

బాల్డర్స్ గేట్ 3 గొప్పదే. దానికి కంప్యూటర్ కావాలి, అందులో 150 జీబీ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) ఖాళీ కావాలి, గ్రాఫిక్స్ కార్డు కావాలి. మా ఊళ్లో పిల్లల చేతిలో ఉన్నది ఫోను. వాళ్లకు తెలిసిన ఆర్పీజీ ఈ లాటరీయే. అందుకే నా లెక్కలో ఇది దిగజారడమే.

ఆలంపూర్_ఆటో, రాత్రి 10:34
వర్షం అక్క చెప్పింది నూటికి నూరు నిజం. మా ఇంట్లోనూ ఇదే.

జడ్చర్ల_టర్న్‌బేస్డ్, రాత్రి 10:52
నాకు ఎవరి మాటా పూర్తిగా నచ్చలేదు. నేను చిన్నప్పటి నుంచి ఫైనల్ ఫాంటసీ అనే ఆర్పీజీ వరుస ఆడుతున్నాను. మన వంతు, వాళ్ల వంతు, ఆలోచించుకోవడానికి టైమ్. టర్న్ బేస్డ్ అంటే అదే. బాబు పుట్టాక మణికట్టు నొప్పి వచ్చింది, డాక్టర్ దగ్గరికి పోయినా పూర్తిగా తగ్గలేదు. వేగంగా బటన్లు నొక్కలేను. 2023లో ఫైనల్ ఫాంటసీ 16 వచ్చింది, మొత్తం కత్తి తిప్పుడే. నేను పెరిగిన ఆటలో నాకు చోటు లేకుండా పోయింది.

2025లో ఫ్రాన్స్‌లోని మోంపెలియే నుంచి ముప్పై మంది దాకా ఉన్న చిన్న బృందం ఎక్స్‌పెడిషన్ 33 అనే ఆర్పీజీ చేసింది. టర్న్ బేస్డ్ అని సంబరపడ్డాను. దానికీ ఆ ఏడాది ఉత్తమ ఆట అవార్డు వచ్చింది. కానీ అందులో కూడా శత్రువు కొట్టే క్షణంలో బటన్ నొక్కి తప్పించుకోవాలి. కష్టం తగ్గించుకుని ఆడుతున్నాను, కథ చాలా బాగుంది. టర్న్ బేస్డ్ తిరిగొచ్చిందని అందరూ అంటుంటే మాత్రం నాకు సగమే వచ్చిందనిపిస్తుంది.

పానగల్లు_పాతకాపు, రాత్రి 11:15
చెల్లెమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ అది పోరాటం గురించి. నేను అడిగింది లోకం గురించి. ఆ లోకంలో మనుషులు దారి చెప్తారా, లేక బాణం చెప్తుందా?

కొందరు "సెట్టింగుల్లో మార్కర్ ఆపేసుకో" అంటారు. 2018లో అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ అలాంటి పద్ధతి పెట్టింది, అక్కడ మనుషులు ఆనవాళ్లు చెప్తారు, సరే. స్కైరిమ్‌లో ఆపి చూడండి. చాలా చోట్ల పని చెప్పినవాడు దారి చెప్పడు. బాణం ఉందని మాటలే రాయలేదు. మార్కర్ ఆపితే చేతికి మిగిలేది ఊరి పేరొక్కటే. చదివే ఓపిక లేనివాళ్ల కోసం రాతనే తగ్గించేశారు. చదవని తరం కోసం చేసిన మార్పును ఎదుగుదల అనొద్దు, అంతే.

కొత్తకోట_కుర్రాడు, రాత్రి 11:41
చదవని తరం అన్నారు. ఇక మర్యాదకు ఊరుకోను.

పదో తరగతి దాకా నేను సర్కారు బడి, తెలుగు మీడియం. మా అన్న ఇంజినీరింగ్ అయిపోయాక తన లాప్‌టాప్ నాకిచ్చాడు. అందులో మారోవిండ్, స్కైరిమ్ రెండూ ఉన్నాయి. మారోవిండ్ మొదలుపెట్టాను. సీడా నీన్ అనే మొదటి ఊళ్లో పడవ దిగాక ఒక్కొక్కరు పేజీలు పేజీలు మాట్లాడతారు, అంతా అక్షరాలే, చాలావరకు గొంతే ఉండదు. ఎవరు ఏం చెప్పారో అర్థం కాక మొదటి ఊరి చుట్టూనే తిరిగాను. నాకు ఓపిక లేక కాదు. భాష రాక.

స్కైరిమ్‌లో ఆ బాణం ఉంది కాబట్టి కదిలాను. మనుషులు నోటితో మాట్లాడతారు, కింద అక్షరాలు వస్తాయి. వినీ వినీ, చూసీ చూసీ ఇంగ్లిష్ పట్టుకున్నాను. ఇప్పుడు డిస్కో ఎలీసియం చదువుతున్నానంటే ఆ బాణం వల్లే. మీరు దాన్ని దిగజారడం అన్న ప్రతిసారీ నన్ను గడప బయట నిలబెట్టినట్టు ఉంటుంది.

ఆలంపూర్_ఆటో, రాత్రి 11:44
తమ్ముడు కొట్టాడు దెబ్బ.

పానగల్లు_పాతకాపు, రాత్రి 12:10
తమ్మీ, నేనూ తెలుగు మీడియమే. గడియారం సెంటర్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి, పక్కన డిక్షనరీ పెట్టుకుని మారోవిండ్ ఆడాను. కరెంటు పోతే సేవ్ చేయనిది పోయేది, మళ్లీ అదే పేజీ చదివేవాణ్ని. నాకు ఇంగ్లిష్ నేర్పింది ఆ జర్నల్. నీకు బాణం నేర్పింది అంటున్నావు, నాకు బాణం లేకపోవడమే నేర్పింది. ఆ ఆట నన్ను తక్కువగా చూడలేదు, నువ్వు తేల్చుకోగలవు అని వదిలేసింది. నాకు బయట ఎవరూ ఆ మాట అనని రోజులవి. అది తీసేస్తే నాకు ఎందుకు మండుతుందో ఇప్పుడైనా అర్థమవుతుందా?

కొత్తకోట_కుర్రాడు, రాత్రి 12:22
అర్థమైంది అన్నా. కానీ మీకు నెట్ సెంటర్ దొరికింది, డిక్షనరీ దొరికింది. అవి దొరకని వాళ్లు ఎంతమంది మొదటి ఊర్లోనే ఆట ఆపేసి ఉంటారో చూడండి. మీరు నిలబడ్డారు కాబట్టి అందరూ నిలబడాలంటే ఎట్లా?

బాల్డర్స్ గేట్ 3 టర్కిష్‌లో ఉంది, పోలిష్‌లో ఉంది, ఉక్రేనియన్‌లో ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే తెలుగు మాతృభాషగా రాయించినవాళ్లు 8 కోట్ల పైన ఉన్నారు. మన భాషలో లేదు. మారోవిండ్ జర్నల్ తెలుగులో ఉండి ఉంటే బాణం లేకుండానే బాల్మోరా పోయేవాణ్ని.

వనపర్తి_వర్షం, రాత్రి 12:31
తెలుగులో ఉంటే మా పిల్లాడికి కూడా లాటరీ కాని ఆట ఒకటి చూపించగలిగేదాన్ని.

పానగల్లు_పాతకాపు, రాత్రి 12:40
తెలుగు లేకపోవడం అమ్మేవాళ్ల తప్పు. దానికి ఆటలోంచి మాటలు తీసేయడం మందు కాదు. దారి చెప్పే మనిషిని తెలుగులో మాట్లాడించమను, మొదట సంతకం పెట్టేది నేనే. ఆ మనిషిని తీసేసి బాణం పెడితే మాత్రం ఏ భాషలోనైనా ఒప్పుకోను.

కొత్తకోట_కుర్రాడు, రాత్రి 12:44
ఆ మనిషి తెలుగు మాట్లాడే రోజు వచ్చేదాకా బాణం ఉండనీయండి. నేను అడుగుతున్నది అంతే.

పానగల్లు_పాతకాపు, రాత్రి 12:46
ఉండనీ. దాన్ని ఎదుగుదల అని మాత్రం అనకు.