అప్‌డేట్: కౌంటీ మీటింగ్‌లో తెలుగు కౌన్సెలర్ల సంగతి అడిగాను

కాలిఫోర్నియాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) మానసిక ఆరోగ్య ప్రణాళిక మీటింగ్‌కి మామూలు జనం వెళ్లొచ్చా, తెలుగు కౌన్సెలర్లు కావాలంటే వింటారా అని అడిగాను కదా. వెళ్లమన్న అందరికీ థాంక్స్, వెళ్లాను.

ఈ మానసిక ఆరోగ్య సేవలకి డబ్బు ఎక్కడిదంటే, ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 1 శాతం పన్ను, 2004లో ఓటర్లు ఆమోదించింది. 2024 మార్చిలో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 1 అనే చట్టం వచ్చి ఆ డబ్బు పంపకం మారింది: కౌంటీల వాటాలో 30 శాతం ఇళ్లకి, 35 శాతం తీవ్రమైన జబ్బున్నవాళ్లని వెన్నంటి చూసుకునే సేవలకి, మిగతావన్నీ ఇంకో 35 శాతంలో సర్దుకోవాలి. రోడ్డు మీద పడుకునేవాళ్లకి ఇల్లు ముందు కావాలి, కాదనను, కానీ మనం అడిగేది ఆ చివరి ముక్కలోంచే రావాలి, దానికి పోటీ చాలా ఉంది.

మైకు ఇచ్చారు. పిల్లల దగ్గరుండటానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు నిద్రపట్టక, చెప్పుకునే దిక్కులేక కుమిలిపోతున్నారని, మనవరాలిని పక్కన కూర్చోబెట్టి ఇంగ్లీషులోకి చెప్పిస్తే ఏ పెద్దావిడ మనసు విప్పుతుందని అడిగాను. ఒకావిడ నోట్ చేసుకుని, రాసి కూడా పంపమన్నారు.

కౌంటీ ప్రణాళిక డ్రాఫ్ట్ బయటపెట్టాక 30 రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు, ఆ తర్వాత బహిరంగ విచారణ. మీ కౌంటీలో మీరూ పంపండి, ఒక్కరు అడిగితే చాలదు.