ఎల్స్‌కి తెలుగులో లేకపోతేనా, కాకపోతేనా?

పోస్ట్:
మా అక్క కూతురికి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పుతున్నా, తెలుగు మీడియం పిల్ల. ఇఫ్ అంటే "అయితే" అనగానే టక్కున పట్టేసింది, ఎల్స్ (ఇఫ్‌లో షరతు నిజం కానప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది) దగ్గరే నాకు డౌటు. కొన్ని వీడియోల్లో లేకపోతే అంటున్నారు, నా నోటికేమో "2తో భాగిస్తే శేషం 0 అయితే సరి సంఖ్య, కాకపోతే బేసి" అనే వస్తోంది. ఏదనాలి?

కామెంట్ 1:
కాకపోతేనే అండి. లేకపోతే అనేది "ఉంటే"కి జత, బస్సుంటే వస్తా లేకపోతే రేపు. ఇక్కడ అడిగేది సంఖ్య ఉందా లేదా అని కాదుగా, సరి అవునా కాదా అని.

కామెంట్ 2:
అంత పట్టింపుగా ఎవరు మాట్లాడతరండీ, "వాన పడితే ఆగుతా, లేకపోతే బయల్దేరుతా" అనమా? అదీగాక కాకపోతే అంటే "మంచోడే, కాకపోతే కోపమెక్కువ"లో లాగ కానీ అన్న అర్థం కూడా ఉంది, పిల్ల తికమక పడ్తది. మా కరీంనగర్ దిక్కు లేకుంటే అంటం, నాకైతే అదే సాఫ్‌గ అనిపిస్తది.

కామెంట్ 1:
వాన సంగతి ఒప్పుకుంటా. కానీ మూడు రకాలుగా విడగొట్టాల్సినప్పుడు చూడండి, "0 కంటే పెద్దదైతే ధన, కాకపోతే రుణ" అని ఆపేస్తే 0 ఇచ్చినా రుణ అనే వస్తుంది, ఎల్స్‌కి సొంత షరతు ఉండదు కదా మిగిలిందంతా అందులోనే పడుతుంది. అదే "పెద్దదైతే ధన, అది కాక 0 కంటే చిన్నదైతే రుణ, రెండూ కాకపోతే సున్నా" అనండి, ఎలిఫ్ (ముందు షరతు నిజం కాకపోతేనే చూసే ఇంకో షరతు) కూడా దానంతటదే వచ్చేసింది. లేకపోతేతో ఇంత నున్నగా రాదు.

కామెంట్ 3:
చిన్న మాట. బేసిని "శేషం 1 అయితే" అని మాత్రం నేర్పకండి, -7ని 2తో భాగిస్తే పైథాన్ శేషం 1 ఇస్తుంది, సీ, జావా భాషలు -1 ఇస్తాయి, రేపు సీ నేర్చుకుంటే -7 బేసి కాదని చూపిస్తుంది. మీరు రాసిన "0 అయితే సరి, కాకపోతే బేసి" అన్నిట్లోనూ నిలుస్తుంది.

పోస్ట్ పెట్టినావిడ:
థాంక్సండీ అందరికీ. ఇవాళ లీపు సంవత్సరం చెప్తూ "4తో పోతే లీపే, కాకపోతే 100తో కూడా పోతే కాదు" అన్నా, పిల్ల ఆ కాకపోతేని అలాగే ఎలిఫ్ చేసి రాసింది, 1900 కూడా లీపని వచ్చింది 😀

కామెంట్ 2:
నేను చెప్పలే? అక్కడ మీరన్నది కానీ అనే కాకపోతే. 1900 4తో పోతది కాబట్టి మొదటి ఇఫ్ కాడనే ఆగింది, 100 దాక పోనే పోలే. తిరగేసి చెప్పుండ్రి, 400తో పోతే లీపు, అది కాక 100తో పోతే కాదు, అదీ కాక 4తో పోతే లీపు, ఏదీ కాకుంటే మామూలు సంవత్సరం.